కొండవైపు తిప్పిన విమానాలు

ఈశ్వరప్ప సారు పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెద్దమనిషి, నలుగురికి చదువు చెప్పిన మనిషి, ఎవరు కాదన్నారు? కానీ శశికుమార్ గురించి చెప్పాలంటే ఆయన పేరెత్తక తప్పదు. మధ్యలో నాలుగు తిట్లు దొర్లితే మీరే సర్దుకోండి.

నా పేరు కుళ్ళాయప్ప. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నాకు డీటీపీ, జిరాక్స్ అంగడి ఉండేది. పెళ్ళిపత్రికలు, కోర్టు కాగితాలు, కాలేజీ పిల్లల రికార్డులు, ఊళ్ళో సగం కాగితం నా చేతి మీదుగానే పోయేది. మా అంగడి పైన మేడ మీద ఈశ్వరప్ప సారు ఆఫీసు. ఆయన పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాక రిపోర్టులు రాసే కన్సల్టెన్సీ పెట్టాడు. ఎవరైనా ఫ్యాక్టరీయో క్వారీయో పెట్టాలంటే, దానివల్ల చుట్టుపక్కల ఊళ్ళకు దుమ్మెంత, మోతెంత అని లెక్కగట్టి ప్రభుత్వానికి ఇవ్వాలి కదా, ఆ పని.

పేరు సారుది, పని శశికుమార్‌ది. యాడికి అనే ఊరి దగ్గర పల్లెలో మెట్టసేద్యం చేసే ఓబులేసు కొడుకు. తొంభైతొమ్మిదిలో పాలిటెక్నిక్‌లో చేరినప్పటి నుంచి సారు వెనకే తిరిగాడు. కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం సారే దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పించాడు. హాస్టల్లో జ్వరం వస్తే ఇంటికి తీసుకుపోయి పదిరోజులు పెట్టుకున్నాడు. సారు భార్యను శశి అమ్మా అనే పిలిచేవాడు. "నా తర్వాత ఈ ఆఫీసు నీదేరా" అని సారు నా ముందరే రెండుసార్లు అన్నాడు. మనిషిని నమ్మించడానికి ఇంతకంటే ఏం కావాలి? శశికి సారు మాట వేదం.

సారు వాడికి నేర్పిన పాఠం ఒకటుంది. పొలానికి పోయినా, ఊళ్ళోకి పోయినా, జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకోవాలి. కంటితో చూసింది చూసినట్టు అక్కడే రాయాలి, ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకొని రాయకూడదు. శశి ఆ మాట తప్పింది ఎప్పుడూ లేదు. మా అంగడికి టీ తాగడానికి వచ్చినా జేబులో ఆ పుస్తకం ఉండేది.

రెండువేల ఏడు మొదట్లో బెంగుళూరు కంపెనీ ఒకటి వచ్చింది. ఉరవకొండ అవతల నల్లగుండ్లపల్లి దగ్గర విమానాలు నడపడం నేర్పే స్కూలు పెడతామంది. ఆ రోజుల్లో దేశమంతా విమానాల పిచ్చి, పైలెట్లు దొరకడం లేదని పేపర్లలో రాసేవాళ్ళు. కంపెనీ మోత లెక్క కట్టే పని సారుకు ఇచ్చింది. సారు దాన్ని శశి చేతిలో పెట్టాడు. విమానాల మోత లెక్కగట్టే అమెరికా సాఫ్ట్‌వేర్ ఒకటి డబ్బాలో వచ్చింది. దాంతోపాటు ఇటుకరాయంత లావు పుస్తకం. శశి నెలరోజులు ఆ పుస్తకం చదివి, దాంట్లో పేజీలు జిరాక్స్ తీయించుకుంటూ, అర్థమైంది అర్థమైనట్టు నాకు చెప్పేవాడు. అట్లా నాకూ కొంచెం తెలిసింది.

ముందు కొత్త ప్రాజెక్టు తెరిచి పేరు పెట్టాలి. తర్వాత ఆ మైదానం భూమ్మీద ఎక్కడుందో, సముద్రం కంటే ఎంత ఎత్తులో ఉందో చెప్పాలి. తర్వాత రన్‌వే ఈ చివర, ఆ చివర. అక్కడ వేడి ఎంతుంటుందో కూడా అడుగుతుంది. దాంట్లో ముందే పదిహేను డిగ్రీలని వేసి ఉందట. నేను పడీపడీ నవ్వాను. పదిహేను డిగ్రీలొస్తే మనవాళ్ళు కంబళ్ళు కప్పుకొని పొయ్యి దగ్గర నుంచి లేవరు. శశి నవ్వలేదు. వాతావరణం ఆఫీసుకు పోయి ముప్పై ఏళ్ళ లెక్కలు తెచ్చి సరిచేశాడు. గాలి వేడిగా ఉంటే విమానం నిదానంగా పైకి లేస్తుందట, ఇళ్ళ మీద ఎక్కువసేపు కిందనే పోతుందట. "ఈ ఒక్కటి వదిలేస్తే అంతా తప్పే అన్నా" అన్నాడు. అంత జాగ్రత్త వాడిది.

ఆ తర్వాత విమానాలు ఏ దారిలో తిరుగుతాయో గీయాలి. నేర్చుకునేవాళ్ళు ఊరికే లేచి పోరు. లేస్తారు, చుట్టు తిరుగుతారు, చక్రాలు నేలకు తాకించి మళ్ళీ లేస్తారు. పొద్దుగూకులూ ఇదే పని. నల్లగుండ్లపల్లిలో రన్‌వేకు ఉత్తరాన కొండ, దక్షిణాన ఊరు. కొండ పక్కకు ఎవడూ విమానం తిప్పడని, ఊరివైపే తిప్పాలని కంపెనీ పైలెట్టే శశికి నోటితో చెప్పాడు. శశి అట్లాగే గీశాడు. చివరిగా ఇళ్ళు. ఏ ఇల్లు ఎక్కడుంది, దాంట్లో ఎందరు అని ఒక్కొక్క చుక్క పెట్టాలి. అన్నీ పెట్టి నొక్కితే, మోత ఎక్కువుండే జాగా చుట్టూ కంప్యూటర్ ఒక గీత గీస్తుంది. గీత లోపల ఎందరున్నారో లెక్క చెప్తుంది. లోపల జనం ఉంటే రన్‌వేను రెండు కిలోమీటర్లు పడమటికి, బీడు భూముల్లోకి జరపమని చెప్పొచ్చు. ఊరివాళ్ళు అడిగింది కూడా అంతే. స్కూలు వద్దని వాళ్ళు అనలేదు, కొంచెం అవతలకు పెట్టుకోమన్నారు.

శశి ఆ చుక్కల కోసం పదకొండు రోజులు నల్లగుండ్లపల్లిలో తిరిగాడు. అంతకు ముందు ఏడాది వాన లేక చెనిక్కాయ పంట మొత్తం పోయింది. ఊరికి ఉత్తరం వరుస, అంటే రన్‌వే పక్కన ఉండేది, ముప్పై నాలుగు ఇళ్ళు. ముప్పై మూడు ఇళ్ళవాళ్ళు పిల్లాజెల్లా అందరూ బెంగుళూరుకు కట్టడం పనులకు పోయారు. మన పక్క వలస పోయేవాళ్ళు వాకిలికి అడ్డంగా ముళ్ళకంప లాగి పోతారు, మేకలూ కుక్కలూ దూరకుండా. కంప వేసి ఉందంటే ఇంటివాళ్ళు తిరిగొస్తారని అర్థం. వదిలేసి పోయిన ఇంటికి కంప ఎవరేస్తారు? ఇది ఈ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆ వరుసలో మిగిలింది చివరింటి బయమ్మ ఒక్కతే. డెబ్బై ఏళ్ళ ముసలామె. పక్కింట్లో ఉండే కొడుకు ఈరన్న కూడా పెళ్ళాం పిల్లలతో బెంగుళూరులోనే. ముప్పై మూడు ఇళ్ళ తాళంచెవులు ఆమె దగ్గరే ఉండేవి, ఒక పాత గోనెసంచి తాడుకు గుచ్చి. శశి ఆమె అరుగు మీద కూర్చొని అడుగుతుంటే, ఆమె ఒక్కొక్క తాళంచెవి పట్టుకొని ఆ ఇంట్లో ఎందరో చెప్పింది. ఒకింట్లో కడుపుతో పోయిన కోడలు అక్కడ కనిందా లేదా తెలీదు, ఒకటి ఎక్కువ రాసుకో అని కూడా చెప్పింది. మొత్తం నూట అరవై మూడు మంది. ఆమెతో కలిపి.

శశి నోట్‌బుక్‌లో కంటితో చూసింది చూసినట్టు రాశాడు. తాళం వేసిన ప్రతి ఇంటి ఎదురుగా "కంప" అని. ఆ పక్క పేజీలో బయమ్మ చెప్పిన మనుషుల లెక్క. కంప్యూటర్లో పెట్టింది రెండోదే.

లేచి వస్తుంటే బయమ్మ ఒక మాట అడిగిందట. విమానాల స్కూలు మీద జనం అభ్యంతరాలు వినే మీటింగు జూన్‌లో ఉంటుందని తలారి చాటినాడు, మా వాళ్ళను పిలిపించాల్నా అని. పిలిపిస్తే నాలుగు రోజుల కూలి పోతుంది, మేస్త్రీ మళ్ళీ పనిలో పెట్టుకుంటాడో లేదో. శశి క్షణం కూడా ఆలోచించలేదు.

"పిలిపించొద్దు అవ్వా. అందరినీ నేను కంప్యూటర్లో పెట్టినా. వాళ్ళు వచ్చినా రాకపోయినా లెక్కలో ఉంటారు."

ఏప్రిల్ చివరికి పని అయిపోయింది. గీత ఊళ్ళో మూడు వీధుల మీదికి వచ్చింది, ఉత్తరం వరుస మొత్తం లోపలే. శశి రంగుల మ్యాపు నా దగ్గర ప్రింటు తీయించుకొని పైకి ఎక్కాడు. సారు చూసి భుజం తట్టాడట. అదే వారంలో వాళ్ళ నాయనకు కంటి ఆపరేషను పడింది. "నువ్వు పోయిరా, నాయన దగ్గరుండు. చివరి పేజీ మింద సంతకం పెట్టిపో, మిగతాది నేను చూసుకుంటా" అని సారు అన్నాడు. ఆ పేజీలో ఇంకా ఏమీ టైపు కాలేదు, అయినా శశి సంతకం పెట్టి, నోట్‌బుక్ సారు చేతికిచ్చి యాడికి బస్సెక్కాడు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని తండ్రి చెప్పి ఉంటాడు, నేనూ చెప్పి ఉండేవాణ్ణి. కానీ కన్నతండ్రి లాంటి మనిషి అడిగితే ఎవరు ఆలోచిస్తారు?

జూన్ మొదట్లో సారు రిపోర్టు తెలుగు సారాంశం నా చేతికిచ్చాడు. మీటింగులో ఊరివాళ్ళకు పంచాలి, టైపు చేయమని. నేను మామూలుగా చదువుతూ టైపు చేయను, వేళ్ళు వాటంతటవే పోతుంటాయి. మూడో పేజీలో నా వేళ్ళు ఆగిపోయాయి. "గీత లోపల జనాభా: ఒకటి" అని ఉంది.

వెనక్కి తిప్పి చూశాను. విమానాలు తిరిగే దారి కొండ పక్కకు తిప్పి గీసి ఉంది. అట్లా తిప్పితే మోత అంతా కొండ మీద పడుతుంది, గుండ్లకూ తొండలకూ తప్ప ఎవరికీ బాధ లేదు. గీత చిక్కిపోయి ఉత్తరం వరుసను మాత్రం అంటుకొని ఉంది. ఆ వరుస పక్కన "ముప్పై మూడు ఇళ్ళు విడిచిపెట్టినవి, ఒక వృద్ధురాలు నివసించుచున్నది" అని రాసి ఉంది. కింద ఆధారం, శశికుమార్ నోట్‌బుక్ పేజీ కాపీ. "కంప, కంప, కంప" అని వాడి గుండ్రటి అక్షరాలు. మనుషుల లెక్క ఉన్న పక్క పేజీ లేదు. చివర వాడి సంతకం.

వాళ్ళ పల్లెలో ఇంటి పక్క ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి, మీ నాయన కన్ను ఎట్లుందని కూడా అడక్కుండా, ఉన్నఫళంగా రమ్మన్నాను. మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. కాగితం చూపించాను. నిలబడి చదివాడు, కూర్చొని చదివాడు. "సారుకు తెలీకుండా ఎవురో మార్చినారన్నా" అన్నాడు. అప్పటికీ అట్లాగే అన్నాడు, పాపం.

ఇద్దరం మేడ ఎక్కాం. సారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. శశి చేతిలో కాగితం చూశాడు, ఏమీ తడబడలేదు. కూర్చో అన్నాడు. శశి కూర్చోలేదు.

"సార్, కొండ పక్క ఎవురూ తిప్పరని పైలెట్టే చెప్పినాడు కదా?"

"నోటి మాటప్పా అది. కంపెనీ రాసిచ్చిన కాగితంలో కొండ పక్కకే అని ఉండాది. ఎట్ల తిప్పుకుంటారో ఎగిరేవాళ్ళు చూసుకుంటారు."

"నూట అరవై మూడు మంది ఏమైపోయినారు సార్?"

సారు నోట్‌బుక్ కాపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఏమని రాసినావు నువ్వు? కంప అని రాసినావు. నేను ఒక్క అక్షరం కలపలా, తియ్యలా. మనుషులుండే ఇంటికి కంప ఎందుకుంటాది?"

ధర్మవరంలో పుట్టి పెరిగిన మనిషి ఆ మాట అన్నాడు! మగ్గాలు ఆగిపోయిన ఏడు ఆయన వీధిలోనే ఎన్ని వాకిళ్ళకు కంప లాగి ఉంటారో ఆయనకు తెలియదా? నాకు కోపం ఆగలేదు, నోటికొచ్చినట్టు తిట్టాను. సారు నా వైపు చూడను కూడా చూడలేదు. శశితోనే మాట్లాడాడు. కంపెనీవాళ్ళు రన్‌వే జరపరు, మనం రాయకపోతే హైదరాబాదులో ఇంకొకడు రాస్తాడు, నీకూ బతుకు కావాలి, నాకూ కావాలి అన్నాడు. శశి అంతా విన్నాడు. తర్వాత వాడు అన్న మాట నాకు బాగా గుర్తుంది.

"నాకు నేర్పిచ్చిందాంతోనే నన్ను కోసినారు సార్."

మీటింగు ఎల్లుండే. శశి ఆ సాయంత్రమే నల్లగుండ్లపల్లికి పోయాడు, బెంగుళూరు నుంచి జనాన్ని పిలిపిద్దామని. బయమ్మ దగ్గర మేస్త్రీ సెల్ నంబరు ఒకటి ఉంది. ఎన్నిసార్లు కొట్టినా పలకలేదు. ఎక్కడ కడుతున్నారో ఆమెకు తెలీదు, ఏదో పెద్ద చెరువు పక్కన అని మాత్రం తెలుసు. బెంగుళూరులో చెరువులు ఎన్ని లేవు?

మీటింగు ఊరి స్కూలు ముందర షామియానా కింద పెట్టారు. నేనూ పోయాను. ముందు వరుసల్లో కంపెనీ తెచ్చిన మనుషులు, ఉద్యోగాలొస్తాయని చెప్పి రప్పించుకున్నారు. దక్షిణం వీధులవాళ్ళు కొందరు వెనక నిలబడ్డారు. రిపోర్టు ప్రకారం వాళ్ళకు మోతే లేదు, కాబట్టి వాళ్ళూ ఏమీ అడగలేదు. ఉత్తరం వరుస నుంచి వచ్చింది బయమ్మ. సారు మైకు తీసుకొని, ఈ లెక్క కట్టినవాడు పరాయివాడు కాదు, యాడికి రైతుబిడ్డ, పదకొండు రోజులు మీ ఊళ్ళో తిరిగి కట్టినాడు అని శశిని చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. చూడండి ఎట్లాంటి మనిషో! వాడి మంచితనాన్ని కూడా వాడుకున్నాడు.

శశి లేచి మైకు అడిగాడు. అంతా చెప్పాడు. విమానాలు కొండ పక్క తిరగవు, మీ నెత్తి మీదే తిరుగుతాయి, ఉత్తరం వరుసలో నూట అరవై మూడు మంది ఉన్నారు, ఒకరు కాదు అన్నాడు. తన మొదటి మ్యాపు పైకెత్తి చూపించాడు. జిల్లా నుంచి వచ్చిన అధికారి ఓపిగ్గానే విన్నాడు. తర్వాత రిపోర్టు చివరి పేజీ తిప్పి, ఈ సంతకం ఎవరిది అని అడిగాడు. నాదే అన్నాడు శశి. ఈ నోట్‌బుక్ ఎవరిది? నాదే. మరి ఆ వరుస ఇళ్ళవాళ్ళు ఎవరైనా వచ్చారా, వాళ్ళ అభ్యంతరం రాసుకుంటాను అన్నాడు. బయమ్మ ఒక్కతే చెయ్యెత్తింది. దక్షిణం వీధులవాళ్ళు చేతిలోని అచ్చు కాగితాన్నే నమ్మినట్టున్నారు, కదల్లేదు. అధికారి ఆమె పేరు రాసుకున్నాడు. ఒక అభ్యంతరం. రిపోర్టులో జనాభా ఒకటి, మీటింగులో అభ్యంతరం ఒకటి, లెక్క ఎంత బాగా సరిపోయిందో చూడండి. ఆరు నెలలకు అనుమతి వచ్చింది.

ఆ జూన్ నెలాఖరుకు వాన పడింది. విత్తనం వేయడానికి ఉత్తరం వరుసవాళ్ళు లారీలో తిరిగొచ్చారు. వాళ్ళొస్తున్నారని తెలిసి శశి ముందే పోయి బయమ్మ అరుగు దగ్గర నిలబడ్డాడు. నన్ను తోడు రమ్మన్నాడు, పోయాను. ఎవరో చెప్తే తెలియడం కంటే నా నోటితో నేనే చెప్తానన్నాడు. సామాన్లు దించుకుంటూనే అందరూ చుట్టూ చేరారు. సారు చేసిన మోసం శశి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. తన తప్పు లేదని చెప్పుకోవడానికి కాదు, జరిగింది జరిగినట్టు. ఆడవాళ్ళు సారును శాపనార్థాలు పెట్టారు. నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. వీణ్ణి అర్థం చేసుకున్నారులే అనుకున్నాను.

బయమ్మ కొడుకు ఈరన్న లారీ దగ్గర నిలబడి వింటున్నాడు. సిమెంటు పట్టిన చేతులు, మాట తక్కువ మనిషి. అందరూ అరిచి ఊరుకున్నాక దగ్గరికొచ్చాడు. గొంతు కూడా పెంచలేదు.

"మీటింగ్‌కు మమ్మల్ని పిలిపించొద్దని మా యమ్మకు చెప్పింది ఆ సారా, నువ్వా?"

శశి తల దించుకొని, "నేనే" అన్నాడు.

ఈరన్న పోయి తన వాకిట్లో కంప లాగి పక్కకు పడేశాడు. ఒక్కొక్కరే ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. బయమ్మ కూడా లోపలికి పోయింది. మేమిద్దరం రోడ్డు దాకా నడిచి బస్సెక్కాం.

శశి మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు. తాడిపత్రిలో ఒక బండల పాలిష్ యూనిట్‌లో కొలతలు రాసే పనిలో చేరాడు. రెండువేల తొమ్మిదిలో విమానాలు వచ్చాయి. మొదటి రోజే ఊరివైపు తిరిగాయి, ఇప్పటికీ అట్లాగే తిరుగుతున్నాయి. ఈశ్వరప్ప సారు ఆఫీసు ఇంకా పెద్దదైంది. నేను తాడిపత్రి పోయినప్పుడల్లా శశిని కలుస్తాను, సారును తిడతాను, కడుపు మంట తీరేదాకా తిడతాను. వాడు అడ్డం చెప్పడు. నేను అలిసిపోయి ఆపాక మాత్రం అంటాడు.

"ఆయన్ను ఎంతైనా తిట్టన్నా. రావొద్దని చెప్పింది మాత్రం నేనే కదా."